పరిశోధన పేపర్ ఎంపికయ్యాక రచయిత కాన్ఫరెన్సుకు స్వయంగా రావాల్సిందేనా?

స్కాలర్_హైదరాబాద్:
డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్‌లో, అంటే చాలా కంప్యూటర్లు మెసేజ్‌లు పంపుకుంటూ కలిసి పనిచేసే పద్ధతుల మీద, పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. విదేశంలో జరిగిన ఒక కాన్ఫరెన్సుకు నా పేపర్ ఎంపికైంది. వీసా అపాయింట్‌మెంట్ దొరికేసరికి కాన్ఫరెన్స్ ముగిసిపోయింది. ఆన్‌లైన్‌లో చెబుతానంటే, స్వయంగా వచ్చే చెప్పాలన్న నిబంధన ఒప్పుకోదన్నారు. అక్కడే ఉంటున్న సహ రచయిత నా బదులు చెప్పారు. ఆ సాయంత్రం ఆయన పంపిన ఫొటో ఇంకా ఫోన్‌లో ఉంది: తెర మీద మొదటి పేరు నాది, మూడో లెమ్మాను (అసలు నిరూపణకు మెట్టులా పనికొచ్చే చిన్న ఫలితాన్ని) చూపిస్తున్న చెయ్యి నాది కాదు. ఆ లెమ్మా కోసం ఎనిమిది నెలలు పట్టింది. దాని మీద ఎవరు ఏం అడిగారో నాకు సగమే తెలిసింది.

ఈ రంగంలో పెద్ద కాన్ఫరెన్స్ పీఓడీసీ. ఇటలీలోని సలెర్నోలో జరగాల్సింది కోవిడ్ వల్ల 2020లో, 2021లో ఆన్‌లైన్‌లోనే జరిపారు. అప్పుడు కుదిరినది ఇప్పుడెందుకు కుదరదు? "స్వయంగా రావాలి" అనే నిబంధన తీసేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

డాలస్_తెలుగు:
తమ్ముడూ, నీకు జరిగింది అన్యాయమే. కానీ నిబంధన తీసేస్తే ఆ హాలే ఖాళీ అవుతుంది. ఒక్క సంగతి చెబుతాను. 1974లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా స్వీయ స్థిరీకరణ మీద చిన్న పేపర్ రాశారు. వ్యవస్థ ఎంత తప్పు స్థితిలో పడినా, బయటినుంచి ఎవరూ సర్దకుండానే మళ్లీ సరైన దారికి రావడం ఎలాగో అందులో ఉంది. దాదాపు తొమ్మిదేళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1983లో పీఓడీసీ ఆహ్వాన ప్రసంగంలో ఇదే రంగం శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ దాన్ని ఆకాశానికెత్తారు. అక్కడి నుంచి అదొక పెద్ద పరిశోధన శాఖే అయింది. 2002లో పీఓడీసీ ప్రభావశీల పేపర్ అవార్డు దానికే వచ్చింది. అదే ఏడాది డైక్‌స్ట్రా చనిపోయారు, మరుసటి ఏటి నుంచి ఆ అవార్డుకు ఆయన పేరే పెట్టారు. పేపర్ అచ్చులో అన్నేళ్లు ఉంది కదా, మనుషులు కూర్చున్న చోట ఒకరు నోరు విప్పి చెబితే గానీ కదలలేదు.

అచ్చు_అభిమాని:
డాలస్ అన్నా, మీ ఉదాహరణలోనే జవాబుంది. ఆ ప్రసంగాన్ని అక్షరాల్లో పెట్టి 1984 పీఓడీసీ సంపుటంలో అచ్చేశారు. ఆ రోజు హాల్లో లేనివాళ్లకు అది చేరింది అలాగే.

ఇంకోటి. కొన్ని కంప్యూటర్లు ఆగిపోయినా మిగతావి ఒకే నిర్ణయానికి వచ్చేలా చేసే తన పాక్సోస్ అల్గారిథం గురించి లాంపోర్ట్ మొదట్లో ప్రసంగాలిచ్చినప్పుడు టోపీ పెట్టుకుని, పురావస్తు పరిశోధకుడి వేషంలో వెళ్లారు. విన్నవాళ్లకు వేషం గుర్తుంది, అల్గారిథం గుర్తులేదని ఆయనే తర్వాత రాసుకున్నారు. దాని మీద 1990లో పంపిన పేపర్ 1998లో గానీ అచ్చు కాలేదు. కాబట్టి ఎదురుగా నిలబడి చెప్పినంత మాత్రాన అర్థమైపోతుందనుకోకండి. విమాన టికెట్టు, హోటల్, రిజిస్ట్రేషన్ కలిపితే ఒక స్కాలర్‌కు ఎన్ని నెలల ఫెలోషిప్పో లెక్కేయండి.

గుంటూరు_లెక్చరర్:
నాకు ఇద్దరి మాటా పూర్తిగా మింగుడు పడలేదు. ఇదే రంగానికి చెందిన ఐసీడీసీఎన్ అనే అంతర్జాతీయ కాన్ఫరెన్స్ హైదరాబాద్‌లో 2009లో, 2017లో, 2025 జనవరిలో జరిగింది. 2025 దానికి మా కాలేజీ విద్యార్థిని ఒకతె రాత్రి బస్సెక్కి వెళ్లింది. పేపరేమీ లేదు, వినడానికే. టీ దగ్గర ఒక పెద్దాయన "నీ ప్రోటోకాల్లో మెసేజ్ పోలేదు, ఆలస్యమైంది అనుకో, అప్పుడేం చేస్తావు?" అని అడిగారట. నెమ్మదిగా ఉన్న నోడ్‌ను (నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌ను) చచ్చిన నోడ్‌గా లెక్కేసిన తప్పు తనకు అక్కడే దొరికింది. అజెండా కాగితం వెనక ఆయన గీసిన మూడు గీతల బొమ్మ ఇంటికి తెచ్చుకుంది. వీడియో కాల్లో ప్రశ్నలకు ఐదు నిమిషాలిస్తారు, టీ దగ్గర ముప్పావుగంట దొరికింది.

అందుకే నేననేది, మనిషి ఎదురుగా ఉండాలి. అయితే వీసా, డబ్బు చూసి మనిషిని ఆపేసే నిబంధన మాత్రం ఉండకూడదు. కాన్ఫరెన్సులు మన ఊళ్లకు దగ్గరగా ఇంకా రావాలి, జిల్లా కాలేజీ పిల్లలకు ఫీజు బాగా తగ్గించాలి.

డాలస్_తెలుగు:
అచ్చు సంగతి ఒప్పుకుంటున్నాను, అది నేను ఆలోచించలేదు. కానీ వీసా కాగితం చూపించినవాళ్లకే ఆన్‌లైన్ ఇవ్వాలి. అందరికీ ఇస్తే పక్క రాష్ట్రం నుంచి కూడా ఎవరూ కదలరు.

స్కాలర్_హైదరాబాద్:
అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నిబంధన మొత్తం తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వీసా రానివాళ్లకు, డబ్బు లేనివాళ్లకు ఆన్‌లైన్ దారి ఉండాలి, ప్రశ్నలకు రచయితే జవాబు చెప్పేలా. అన్నా, ఒక్క వీసా కాగితమే అడిగితే డబ్బు లేనివాడు మళ్లీ బయటే ఉంటాడు. అక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను.

అక్కా, ఆ అమ్మాయి ప్రోటోకాల్ సమస్య నా మూడో లెమ్మాకు చాలా దగ్గరగా ఉంది. వచ్చే శనివారం గుంటూరు వస్తాను. మీ కాలేజీలో ఒక బోర్డు, ఒక గంట దొరుకుతాయా?