ట్రమడాల్ ఒక్కసారిగా మానేస్తే మా ఆయన అల్లాడిపోయారు, ఇంట్లోనే మాన్పించొచ్చా?

కిమిడి కోడలు:
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతారు. రెండేళ్ల కిందట బస్తాలు దించుతుంటే నడుం పట్టేసింది, డిస్క్ జారిందన్నారు. డాక్టరు గారు కొద్ది రోజులకని ట్రమడాల్ అనే నొప్పి మాత్ర రాశారు. నొప్పి తగ్గినా మాత్ర మాత్రం ఆగలేదు. చీటీ లేకుండా ఇచ్చే షాపు ఒకటి దొరికింది. ఇప్పుడు 50 మి.గ్రా.వి రోజుకి ఎనిమిది, ఒక్కోరోజు పది. మొన్న మా అత్తగారు కాళ్లు పట్టుకుని ఏడిస్తే ఉన్నవన్నీ పారేశారు. మర్నాటికి ఒకటే ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు, కాళ్లు లాగేస్తున్నాయని రాత్రంతా పడుకోలేదు. తెల్లారేసరికి ఎక్కడినుంచో రెండు తెచ్చుకుని వేసుకున్నారు, కాసేపటికి మామూలు మనిషి. ఆసుపత్రి అంటే పోలీసు కేసవుతుంది, పిచ్చోడని పేరు పడుతుంది అంటున్నారు. ఏం చేయను?

గుణుపురం శ్రీను:
మనసు గట్టి చేసుకుంటే చాలు అక్కా. నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేయండి, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇవ్వండి. మా బాబాయి చేత సారా అలాగే మాన్పించాం.

బరంపురం సిస్టర్:
శ్రీను గారూ, మీ బాబాయి గారు బయటపడ్డారు, సంతోషం. కానీ బాగా అలవాటైన సారా ఒక్కసారి ఆపినా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. దయచేసి తాళం సలహా ఎవరికీ ఇవ్వకండి.

చెల్లీ, నేను వ్యసనాలు మాన్పించే డీ-అడిక్షన్ వార్డులో నర్సుగా పనిచేశాను. మీ ఆయనలాంటి వాళ్లను చాలామందిని చూశాను. ఇది పట్టుదల లేకపోవడం కాదు. ట్రమడాల్ మార్ఫిన్ జాతి మందు. దానికితోడు డిప్రెషన్ మాత్రల్లాగా మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద కూడా పనిచేస్తుంది. అందుకే ఒక్కసారి ఆపితే ఒళ్లునొప్పులతో పోదు. కొందరికి విపరీతమైన భయం, లేనివి కనపడటం కూడా ఉంటాయి. ఎక్కువ డోసులో ఫిట్స్ కూడా తెప్పిస్తుంది. రోజుకి పది అంటే ఆ భయం ఉన్న డోసే. కాబట్టి డాక్టరు దగ్గర సిగ్గుపడి మూడే అని చెప్పకండి. మద్యం, నిద్రమాత్రల అలవాటు కూడా ఉంటే అదీ చెప్పండి.

వార్డులో బీపీ, నాడి, కంటిపాప, చెమట, వణుకు చూసి బాధ ఎంతుందో లెక్క కడతారు. దాన్ని బట్టి ఆ బాధ తగ్గించడానికి నాలుక కింద పెట్టే బుప్రినార్ఫిన్ మాత్ర ఇస్తారు. ఇక్కడొక ముఖ్యమైన విషయం: విత్‌డ్రాయల్ (మాత్ర ఆపితే వచ్చే బాధ) మొదలయ్యాకే అది ఇవ్వాలి. ఒంట్లో ట్రమడాల్ ఉండగా ఇస్తే బాధ ఒక్కసారిగా తన్నుకొస్తుంది. దారిలో ధైర్యానికని ఒక మాత్ర వేసుకుంటే దాచకుండా ఎన్నింటికి వేసుకున్నారో చెప్పాలి. కొందరికి ఆ బాధ తగ్గించే క్లోనిడిన్ అనే మాత్ర ఇస్తారు. దానితో బీపీ పడిపోతుంది గనుక మాటిమాటికీ చూడాలి. ఇంట్లో ఎవరు చూస్తారు?

మొదటి రెండు మూడు రోజులు కష్టం. వారం గడిస్తే ఒళ్లు తేరుకుంటుంది, నిద్ర మాత్రం వారాలు పడుతుంది. నాకు అసలు భయం ఇంటికి వచ్చాక. ఒంటికి ట్రమడాల్‌ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు నొప్పి వచ్చిందని పాత లెక్కలో పది వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డిశ్చార్జికి ముందే నడుం సంగతి తేల్చుకోండి: ఫిజియోథెరపీ, వేరే రకం నొప్పి మందు. డాక్టరు బుప్రినార్ఫిన్ నెలల తరబడి వాడమంటే, అదీ వైద్యమే, ఇంకో వ్యసనం అనుకోకండి.

పోలీసు భయం వద్దు. ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కిందకి వచ్చింది, నిజమే. కానీ అదే చట్టంలో తనంతట తాను వైద్యానికి వచ్చిన వాడకందారుకి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలి.

కిమిడి కోడలు:
ఈ మాట ఆయనకి చదివి వినిపించాను సిస్టర్. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఎక్కడికి వెళ్లాలి అని అడిగారు. వెళ్లేదాకా మాత్రలు ఆపాలా?

బరంపురం సిస్టర్:
ఆపొద్దు, పెంచనూ వద్దు. స్ట్రిప్పు మీ దగ్గర ఉంచుకుని లెక్కగా ఇవ్వండి. దానితో మద్యం, నిద్రమాత్ర కలవకూడదు. ఫిట్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా వెంటనే 108. ముందుగా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ సైకియాట్రీ ఓపీకి బస్సులో రావచ్చు. ఆంధ్రా వైపే నయమనుకుంటే గుణుపురం రైలు ఎక్కి విశాఖ వెళ్లండి, చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పాత చీటీలు, నడుం స్కాన్, ఖాళీ స్ట్రిప్పులు తెచ్చుకోండి. చేర్చుకుంటే తోడు ఒకరు ఉండాలి. మీ అత్తగారు పిల్లల్ని చూసుకుంటే మీరే ఉండండి.