నికోడెమస్‌కి రైలు రాకుండా చేసిందెవరు?

కృష్ణాతీరం:
పోయిన నెల కాన్సస్ సిటీ నుంచి డెన్వర్‌కి కారులో వెళ్తూ హైవే దిగి ఉత్తరం వైపు, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలోనే ఉన్న నికోడెమస్ అనే ఊరికి వెళ్లాం. చుట్టూ కోత అయిపోయిన గోధుమ చేలు, గాలి హోరు. ఊరంటే రెండు పాత చర్చిలు, ఒక బడి, ఒక హోటల్ భవనం, టౌన్‌షిప్ హాలు, నాలుగు ఇళ్లు. పాతికమంది కూడా లేరట. 1996 నుంచి అది జాతీయ చారిత్రక స్థలం.

1877లో కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతి వాళ్లు కట్టుకున్న ఊరు అది. బానిసత్వం పోయి పన్నెండేళ్లే అయింది అప్పటికి. పదేళ్లలో హోటళ్లు, బ్యాంకు, కొట్లు, రెండు వార్తాపత్రికలు వచ్చేశాయి. ఇక కావాల్సింది రైలే. 1887 మార్చిలో మిస్సోరీ పసిఫిక్ కంపెనీని రప్పించుకోవడానికి ఊరివాళ్లు ఓటేసి 16,000 డాలర్ల బాండ్లకు (ఊరి పేరు మీద అప్పు తెచ్చి కంపెనీకి ఇవ్వడానికి) ఒప్పుకున్నారు. ఆ కంపెనీ రాలేదు. మరుసటి ఏడు యూనియన్ పసిఫిక్ వచ్చింది గానీ, సాలమన్ నదికి అవతల, ఆరు మైళ్ల దూరంలో పట్టాలు వేసింది. అక్కడి రైల్వే క్యాంపే తర్వాత బోగ్ అనే ఊరైంది. నికోడెమస్ కొట్లవాళ్లు ఒక్కొక్కరే బోగ్‌కి పారిపోయారు. రైలు వచ్చి ఉంటే ఇవాళ అది కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రం అయ్యేది. నా దృష్టిలో ఇది కావాలని చేసిన మోసం. మీరేమంటారు?

పాత_టికెట్:
ముప్ఫై ఒక్క ఏళ్లు రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. పట్టాలు వేసేవాడు చూసేది మూడు: నేల ఎత్తుపల్లాలు, వంతెనల ఖర్చు, అవతల దొరికే సరుకు. ఊళ్లో ఎవరున్నారని చూడడు. ఆ రోజుల్లో కాన్సస్‌లో ప్రతి ఊరూ బాండ్లు పట్టుకుని కంపెనీల వెంట పడింది. కంపెనీలు ఇద్దరితో బేరం పెట్టి మూడోవాడి దగ్గరికి పోయేవి. గెలిచిన ఊళ్లకన్నా ఓడిన ఊళ్లే ఎక్కువ.

నికోడెమస్ ఉన్న గ్రాహం కౌంటీలోనే మిల్‌బ్రూక్ అనే ఊరుండేది. మొదటి కౌంటీ కేంద్రం అదే. తెల్లవాళ్ల ఊరు. ఇప్పుడు మ్యాపులో వెతకండి, దొరకదు. మరి దాన్ని ఎవరు మోసం చేశారు?

చలపతి_మాస్టారు:
ఆరు మైళ్లని ఎవరు కొలిచారు? నేను మ్యాపులో బోగ్‌కీ నికోడెమస్‌కీ మధ్య గీత గీసి చూశాను. నాలుగున్నర మైళ్లకి మించదు.

సీతాఫలం:
టేపు తెచ్చేదా మాస్టారూ 😀

కృష్ణాతీరం:
మాస్టారూ, కాకి ఎగిరే దారి వేరు, బండి వెళ్లే దారి వేరు. మధ్యలో నది ఉంది. గోధుమ మూటలు వేసుకుని గుర్రబ్బండిలో పోయి రావాలంటే ఒక పూట పని ఆగిపోయినట్టే.

పాత_టికెట్ గారూ, కొట్టు సంగతి ఆలోచించండి. స్టేషన్ పక్కన కొట్టున్నవాడికి సరుకు గూడ్సు నుంచి నేరుగా దిగుతుంది. నికోడెమస్‌లో ఉన్నవాడు దాని మీద బండి కూలి కలుపుకోవాలి. రైతు ఎటూ ధాన్యం అమ్మడానికి స్టేషన్‌కి పోతాడు, ఉప్పూ పప్పూ కూడా అక్కడే కొనుక్కొస్తాడు. రెండేళ్లలో కొట్టు మూత. ఇవన్నీ కంపెనీకి తెలియకుండానే గీత గీసిందంటారా?

పాత_టికెట్:
తెలుసు. తెలిసీ గీసింది. దాన్ని వ్యాపారం అంటారు. మోసం అనాలంటే రుజువు కావాలి. నల్లవాళ్ల ఊరు కాబట్టే తప్పించారని ఒక్క కాగితం చూపించండి, ఒప్పుకుంటా.

చలపతి_మాస్టారు:
నది దాటే దారి ఎంత పొడవో చెప్పకుండా ఆరు మైళ్లనడం శాస్త్రీయం కాదు.

గోధుమగింజ:
నేను కాన్సస్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. నికోడెమస్‌కి నాలుగైదుసార్లు వెళ్లాను. మీ ఇద్దరి మాటల్లోనూ ఒక మనిషి రావడం లేదు, డబ్ల్యూ. ఆర్. హిల్. ఊరు పెట్టిన కంపెనీలో ఆయన ఒక్కడే తెల్లవాడు, స్థలాల వ్యాపారి. మిగతా వాళ్లంతా నల్లవాళ్లు. కెంటకీలో కరపత్రాలు పంచి, అయిదు డాలర్లకు ఇంటి స్థలం అని పిలిచారు. వచ్చినవాళ్లకి కనిపించింది చెట్టు కూడా లేని గడ్డి మైదానం. విలియానా హిక్‌మన్ అనే ఆవిడ తర్వాత చెప్పుకున్న మాట నేను మర్చిపోలేను: ఊరేదీ అని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగలు చూపించి అదే నికోడెమస్ అన్నాడట. ఇళ్లన్నీ నేలలో తవ్వుకున్న గుంతలే. ఆవిడ ఏడ్చేసింది. మొదటి చలికాలం గడిచిందంటే, వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు తిండి పంచినందువల్ల కూడా.

ఇక హిల్ గారు ఏమయ్యారు? పడమట పక్కనే ఆయన పేరు మీదే ఇంకో ఊరుంది, హిల్ సిటీ. యూనియన్ పసిఫిక్ అటే వెళ్లింది. కౌంటీ కేంద్రమూ అదే అయింది. కృష్ణాతీరం గారు రుజువు వెతకాల్సింది ఇక్కడ.

కృష్ణాతీరం:
చూశారా! నేను చెప్పేదీ అదే.

గోధుమగింజ:
ఆగండి, పూర్తి కాలేదు. రైలొచ్చిన బోగ్‌లో ఇప్పుడు ఎంతమందో తెలుసా? రెండు వందల లోపే. ఈ ప్రాంతమంతా ఇలాగే ఉంది. 160 ఎకరాలకు ఒక కుటుంబం అని మొదలైన నేల ఇది. ఇప్పుడు పెద్ద యంత్రాలతో ఒక్క కుటుంబమే వేల ఎకరాలు దున్నుతుంది. మనుషులే అక్కర్లేనప్పుడు ఊరెందుకు? 1930లలో కరువూ దుమ్ము తుఫానులూ వచ్చి మిగిలిన వాళ్లనీ కదిలించాయి. 1953లో నికోడెమస్ పోస్టాఫీసు మూసేశారు. రైలు వచ్చి ఉంటే ఇంకో ముప్ఫై నలభై ఏళ్లు ఎక్కువ బతికేదేమో, అంతే.

పాత_టికెట్:
అమ్మా, మొదట్నుంచీ నేను చెప్తున్నదీ ఇదే.

కృష్ణాతీరం:
మీరు చెప్పింది అది కాదు. "దాన్ని వ్యాపారం అంటారు" అన్నారు. రైల్వే మనిషి కాబట్టి రైల్వే తప్పు మీకు కనబడదు. మా ఊళ్లో చిన్న స్టేషన్ ఉండేది. నాకు పదకొండేళ్లప్పుడు పొద్దుటి ప్యాసింజరు ఆపడం మానేశారు. టికెట్లు తెగడం లేదన్నారు. మా అమ్మ కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని ఏడు కిలోమీటర్లు నడిచి తర్వాతి స్టేషన్‌కి పోయేది. అయిదేళ్లలో ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. "టికెట్లు తెగలేదు" అని రాసినవాడు ఒక్కసారైనా ఆ గంప మోశాడా?

సీతాఫలం:
చర్చ కాన్సస్ నుంచి మన దగ్గరికి దిగింది. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

పాత_టికెట్:
సీతాఫలం గారూ, అన్నిటికీ నవ్వొద్దు.

కృష్ణాతీరం గారూ, మీ అమ్మగారి కష్టానికి నేను జవాబు చెప్పలేను, ఆ కాగితం రాసింది నేను కాదు. కానీ రైల్వే మనిషినని ఈ గొడవ పెట్టుకున్నానని మీరనుకుంటే పొరపాటు. మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. కొట్లవాళ్లు బోగ్‌కి "పారిపోయారు" అని రాశారు. అప్పట్నుంచీ నాకు మండుతున్నది ఆ ఒక్క మాటే.

మా నాన్నది పల్లెలో కిరాణా కొట్టు. రోడ్డు మూడు మైళ్లవతల పడింది. బేరాల్లేక ఒక సంక్రాంతికి ఇంటి పెంకులు దింపి, దూలాలు విప్పి, రెండెడ్ల బండి మీద వేసుకుని రోడ్డు పక్కకి వచ్చేశాడు. ఆ తర్వాత ఊళ్లో పెళ్లిళ్లకు మాకు పిలుపు లేదు. మమ్మల్ని "రోడ్డోళ్లు" అనేవాళ్లు. మా తాత పోతే మోయడానికి నలుగురు రావడానికి కూడా వెనకాడారు. మా నాన్న చేసిన నేరం ఏమిటి? పిల్లల ఫీజు కట్టాలనుకోవడమా? బోగ్‌కి పోయిన కొట్టువాడికీ ఇంట్లో పిల్లలుండే ఉంటారు.

కృష్ణాతీరం:
మీ నాన్నగారిని నేను ఏమీ అనలేదు. కానీ ఆ మాట వెనక్కి తీసుకోను. మొదట వెళ్లగలిగేది కాస్త డబ్బున్నవాడే. కొట్టు పోయాక డాక్టరు పోతాడు, ఆ తర్వాత మేస్టరు. మిగిలేది కదలలేనివాడు. మా నాన్న అలా మిగిలిపోయినవాడు. నా తొమ్మిదో క్లాసు సగంలో బడి మూసేశారు. వెళ్లినవాళ్ల తప్పు లేకపోవచ్చు, ఉండిపోయినవాళ్లకి నష్టమైతే జరిగింది. రెండూ నిజమే.

పాత_టికెట్:
అయితే ఇన్ని రోజులూ రైలు గురించి ఎందుకు కొట్టుకున్నాం?

గోధుమగింజ:
ఒక్క సంగతి చెప్తాను. ప్రతి జులై చివర్లో నికోడెమస్‌లో హోమ్‌కమింగ్ జరుగుతుంది. దూరదూరాల నుంచి, వెళ్లిపోయినవాళ్ల మనవలూ మునిమనవలూ వందల మంది వస్తారు. నేను వెళ్లిన ఏడు భోజనాల లైనులో ఒక పెద్దావిడ నా ముందు నిలబడింది. వాళ్ల తాత ఎప్పుడు ఊరొదిలాడని అడిగాను. "వదల్లేదు, ఉద్యోగానికి వెళ్లాడు" అంది. ఎన్నేళ్లయిందంటే డెబ్బై దాటిందట.

కృష్ణాతీరం:
ఆ పాతికమందిలో ఒకర్ని కూడా అడగాల్సింది.

గోధుమగింజ:
అడిగాను. ఆయన వంటలో ఉన్నాడు, తర్వాత మాట్లాడదాం అన్నాడు. తర్వాత కుదర్లేదు.

చలపతి_మాస్టారు:
రోడ్డు దారి కొలిచాను. ఆరుకి దగ్గరగానే వస్తోంది. అయితే ఇది ఇప్పటి రోడ్డు, 1888 బండి దారి కాదు. నా అభ్యంతరం అలాగే ఉంది.