పదో తరగతిలో ఆ 20 మార్కులు ఉంచాలా, తీసేయాలా?

హన్మకొండ కామర్స్ మేడం · శనివారం రాత్రి 9:15

తెలంగాణలో పదో తరగతికి ఒక్కో సబ్జెక్టులో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకి, 20 మార్కులు బడిలో వేసే ఇంటర్నల్స్‌కి. 2024 నవంబరులో ఈ 20 తీసేసి మొత్తం 100కీ పరీక్ష పెడతామని ఉత్తర్వు వచ్చింది, వెంటనే ఆ ఏడాదికి ఆపారు. అప్పటి నుంచి మా స్టాఫ్ రూంలో, ఇంట్లో, చివరికి పెళ్లి భోజనాల దగ్గర కూడా ఇదే చర్చ. ఎక్కువ మంది "అవన్నీ దొంగ మార్కులు, పోతేనే మంచిది" అంటున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను ఒక డిగ్రీ కాలేజీలో 14 ఏళ్లుగా కామర్స్ చెప్తున్నాను. జనగామ, మహబూబాబాద్, పరకాల, భూపాలపల్లి వైపు నుంచి పిల్లలు దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) సీటు తెచ్చుకుని వస్తారు. మార్కులకేం తక్కువ లేదు, ఇంటర్‌లో 900 దాటినవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. మొదటి నెలలోనే వాళ్లకి ఒక పని ఇస్తాను. మీ ఊళ్లో వ్యాపారం చేసే మనిషి దగ్గరికి వెళ్లి, లెక్క ఎలా రాసుకుంటారో అడిగి, ఒక పేజీ రాసుకురండి అంటాను. పోయిన ఏడాది సగం మందికి పైగా నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసిన కాగితాలు తెచ్చారు. ఇంకొందరు "ఎన్ని పాయింట్లు రాయాలి మేడం?" అని అడిగి, చెప్పకపోయేసరికి అసలు రాయలేదు. బద్ధకం అనుకోకండి. ప్రశ్న పుస్తకంలో లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకి నిజంగానే తెలియదు.

ఒక అమ్మాయి మాత్రం తక్‌పట్టీ తెచ్చింది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి అమ్మిన రైతుకి అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) ఇచ్చే కాగితం అది. దాన్ని పేజీకి పిన్ చేసి, ఒక్కో వరుస ఏమిటో రాసింది: ఎన్ని బస్తాలు, తూకం ఎంత, క్వింటాలుకి ఏం ధర పలికింది, అందులోంచి కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి) కూలి పోగా రైతు చేతికి ఎంత వచ్చింది. కింద ఒక ప్రశ్న కూడా పెట్టింది: "రైతు ఈ కాగితం పారేస్తాడు, అడ్తిదారు దాచుకుంటాడు. రేపు గొడవైతే ఎవరి లెక్క నిలుస్తుంది?" వోచర్లు ఎందుకు భద్రపరచాలో నేను రెండు నెలల తర్వాత చెప్పాల్సిన పాఠం అది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, "మా జడ్పీ హైస్కూల్‌లో సోషల్ సార్ ప్రాజెక్టులు నిజంగా చేయించేవారు మేడం. ఎవరినన్నా అడిగి వస్తేనే రాయనిచ్చేవారు" అంది.

ఆ ప్రాజెక్టు ఈ 20 మార్కుల్లోదే. బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షలో తరగతిలో పాల్గొనడానికి 5, రాత పనులకి 5, ప్రాజెక్టుకి 5, స్లిప్ టెస్టు అనే చిన్న పరీక్షకి 5. భాషల్లో అయితే ఒక పుస్తకం చదివి సమీక్ష రాయాలి. కాలేజీలో మేం పిల్లల నుంచి ఆశించేవి సరిగ్గా ఇవే: చదవడం, అడగడం, సొంతంగా రాయడం, నిలబడి చెప్పడం. 80 మార్కుల పేపరు వీటి జోలికే పోదు. హైస్కూల్లో కాలేజీకి పనికొచ్చే ఆ ఒక్క ముక్కనీ తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

నయీంనగర్ నాన్న · రాత్రి 10:02

మేడం, ఆ అమ్మాయి సంగతి చదివి సంతోషమైంది. కానీ నా అనుభవం వేరు.

మా పెద్దమ్మాయి రెండేళ్ల కింద ప్రైవేట్ స్కూల్లో పది పూర్తి చేసింది. దాని ప్రాజెక్టులన్నీ చేసింది నేను. రాత్రి పదకొండింటికి థర్మోకోల్ కోసిన రోజులున్నాయి. రికార్డులు రాసిచ్చే మనిషికి డబ్బులు కూడా ఇచ్చాను. అన్ని సబ్జెక్టుల్లో 20కి 20 వేశారు, క్లాసులో అందరికీ అంతే. మా చెల్లెలి కొడుకు సర్కారు బడిలో సొంతంగా చేసుకున్నాడు, వాడికి 16, 15 వేశారు. ఇదేం న్యాయం? 100 మార్కులకీ ఒకటే పేపరు ఉంటే నా బిడ్డకీ వాడికీ ఒకే కొలత.

ఇంకో మాట. మన ఊళ్లో ఎన్‌ఐటీ 1959 నుంచి ఉంది. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. రోజూ ఆ గేటు ముందు నుంచే డ్యూటీకి పోతాను. ఆ గేటు లోపలికి పోవాలంటే జేఈఈ ర్యాంకు కావాలి, ప్రాజెక్టు మార్కులు ఎవరడుగుతారు? మన రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ అయితే 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అందులో ఇంటర్ మార్కులకి ఉన్న 25 శాతం వెయిటేజీ కూడా తీసేశారు. అందుకే మా వాణ్ణి ఏడో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్‌లో వేశాను. పిల్లల్ని సిద్ధం చేయడం అంటే నాకు తెలిసింది ఇదే. తప్పంటే చెప్పండి.

పరకాల టీచరమ్మ · రాత్రి 10:40

ఆ మార్కులు వేసినదాన్ని నేనే కాబట్టి చెప్తున్నాను. ఆరేళ్లు ఒక ప్రైవేట్ హైస్కూల్లో సైన్స్ చెప్పాను. ఎవరికీ 18కి తగ్గొద్దని ముందే చెప్పేవారు. తనిఖీకి వస్తున్నారని తెలిస్తే ముందు రోజు పిల్లల్ని సాయంత్రం దాకా ఉంచి, ఎప్పుడూ పెట్టని స్లిప్ టెస్టులన్నీ ఒకేసారి రాయించేవాళ్లం. పాత తేదీలు వేయించేవాళ్లం. పెన్ను రంగు కూడా మార్చి రాయమనేవాళ్లం.

"టీచర్, ఇది తప్పు కదా" అని ఒక బాబు అడిగాడు. తల వంచుకుని "రాయి నాన్నా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. పదిహేనేళ్ల పిల్లవాడికి మేం ఆ రోజు నేర్పింది అది. తీసేయండి, దయచేసి.

జడ్పీ లెక్కల సార్, నర్సంపేట వైపు · ఆదివారం ఉదయం 6:20

రాత్రే చదివాను, తెల్లారి లేచి రాస్తున్నాను.

ముందు నయీంనగర్ అన్నకి. మా పదో తరగతిలో 31 మంది. వాళ్లలో జేఈఈ రాసేది ఒకరో ఇద్దరో. మిగతా 29 మందికి హైస్కూలు ఏం ఇవ్వాలో మీ లెక్కలో లేదు. మీ బాబుకి మీరు మంచి దారే వేశారు, అందులో తప్పు పట్టను. కానీ ఆ ఒక్క గేటు కొలతతో రాష్ట్రంలోని బడులన్నీ నడపలేం.

ఇప్పుడు మేడంకి. మా దగ్గర ఎనిమిదిలో చేరే పిల్లల్లో భాగహారం రానివాళ్లు ఎందరో. ఇది మా ఒక్క బడి సంగతి కాదు. అసర్ 2023 సర్వే 26 రాష్ట్రాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని చూసింది. వాళ్లలో సుమారు 25 శాతం మంది తమ భాషలో రెండో తరగతి పాఠాన్ని ధారగా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం సగానికి పైగా రాలేదు. పైగా 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. పిల్లలు తెలుగు పేజీ చూసి అర్థం చేసుకుని, ఇంగ్లిష్ పేజీ చూసి బట్టీ పడుతున్నారు. సంక్రాంతి దాటితే స్పెషల్ క్లాసులు, పాసు శాతం టెన్షన్. ఆ మధ్యలో ఒక్కో పిల్లవాడి ప్రాజెక్టు కూర్చుని వినే టైం ఏ టీచరుకి ఉంది?

అయినా నేను కొన్నేళ్లు నిజాయితీగానే వేశాను. అప్పట్లో గ్రేడ్లు ఉండేవి. 91 వస్తే 10 పాయింట్లు, 90 దగ్గర ఆగితే 9. ఒక పిల్ల పరీక్షలో 80కి 75 తెచ్చుకుంది. ఇంటర్నల్స్‌లో నేను 15 వేశాను, ఎందుకంటే దాని పని 15కే తగ్గట్టు ఉంది. మొత్తం 90. నా సబ్జెక్టులో ఒక పాయింటు పోయింది. ఆ పిల్ల బాసర ట్రిపుల్ ఐటీకి పెట్టుకుంది. అప్పట్లో అక్కడ సీటు పదో తరగతి గ్రేడ్లతోనే. రాలేదు. వాళ్ల బాపు నా దగ్గరికి వచ్చి ఒక్క మాట కూడా అనలేదు, "మీరు మంచిగనే చెప్పిన్రు సార్, దాని నసీబు" అని వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. ఆ తర్వాతి ఏడాది నుంచి నేను కూడా 19, 20 వేస్తున్నాను.

నా మాట ఇది: ఆ పనులు ఉంచండి, మార్కులు మాత్రం మొత్తంలో కలపకండి. వేరే కాగితం మీద రాసివ్వండి.

బాసర పాత విద్యార్థి · ఉదయం 11:05

సార్, మీరు రాసిన దాన్ని రెండుసార్లు చదివాను. నేను జగిత్యాల జిల్లాలో ఒక పల్లె నుంచి 2017లో బాసరకి వెళ్లాను. సర్కారు బడి పిల్లలకి గ్రేడు పాయింట్ల మీద అదనంగా కలిపే 0.4 వల్లే నాకు సీటు. ఆరేళ్ల కోర్సు, పది అవగానే హాస్టల్. మొదటి సెమిస్టర్‌లో క్లాసు మొత్తం ఇంగ్లిష్‌లో నడిచేది. పదిలో నాకు పది పాయింట్లు, అక్కడ మొదటి మిడ్‌లో లెక్కల్లో తప్పాను. నెల రోజులు రాత్రిళ్లు ఏడ్చాను.

నన్ను నిలబెట్టింది మా తెలుగు సార్ చేయించిన పుస్తక సమీక్ష. నెలకో పుస్తకం చదివి, క్లాసు ముందు నిలబడి ఐదు నిమిషాలు చెప్పాలి, తోటి పిల్లలు ప్రశ్నలు అడగాలి. తెలియని పేజీని భయపడకుండా పట్టుకుని కూర్చోవడం నాకు అక్కడే అలవాటైంది. భాష తెలుగైనా ఇంగ్లిషైనా ఆ అలవాటు ఒకటే.

కానీ సార్, మార్కులు కలపొద్దన్న మీ మాట మీద నాకు అనుమానం ఉంది. మా బడిలో లైబ్రరీ బీరువా హెడ్మాస్టర్ గదిలో తాళం వేసి ఉండేది. సమీక్షకి 5 మార్కులు ఉన్నాయని చెప్పి మా సార్ ఆ తాళం తీయించారు. మార్కులు లేకపోతే అది తెరుచుకునేది కాదు. ఇంటర్‌లో సైన్స్ ప్రాక్టికల్స్ ఉన్నాయి, 2023 నుంచి ఇంగ్లిష్‌కి కూడా 20 మార్కుల ప్రాక్టికల్ పెట్టారు. అలా బయటి మనిషి ఒకరు వచ్చి చూస్తే సరిపోదా?

ఐటీఐ ఫిట్టర్ సార్ · మధ్యాహ్నం 1:30

అందరూ కాలేజీ గురించే రాస్తున్నారు. నా దగ్గరికి వచ్చే పిల్లల గురించి నాలుగు ముక్కలు.

ఐటీఐకి వచ్చే పిల్లవాడు మొదటి రోజు తల దించుకుని వస్తాడు. ఎక్కడా పనికిరాక ఇక్కడికి పంపారని ఇంట్లో అన్నారు, బడిలో అన్నారు. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా ఉందని, దాని తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని పదో తరగతిలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ ఆఫీసు హన్మకొండలోనే ఉంది, అందులో జూనియర్ లైన్‌మన్ కావాలంటే ఎలక్ట్రికల్ ఐటీఐ గానీ ఒకేషనల్ ఇంటర్ గానీ ఉండాలని తెలియక, ఏదో ఒక గ్రూపులో ఇంటర్ చేసి తర్వాత బాధపడేవాళ్లు ఎందరో. రాష్ట్రంలో 65 ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నారు, కొత్త మిషన్లు వస్తున్నాయి. మిషన్ ముందు నిలబెడితే పిల్లవాడికి అర మిల్లీమీటరు అంటే ఎంతో తెలియదు. భిన్నాలు బోర్డు మీద చేశాడు గానీ స్కేలు మీద ఎప్పుడూ చూడలేదు.

ప్రాజెక్టు మార్కులు ఉంచితే ఒకటి చేయండి: తొమ్మిదో తరగతిలో ప్రతి పిల్లా ఒక రోజు ఏదో ఒక పనిచేసే చోట గడిపి రావాలి. లేత్ షాపు, ల్యాబ్, నర్సరీ, బ్యాంకు, ఏదైనా సరే. మా వర్క్‌షాపుకి వస్తే నేనే దగ్గరుండి చూపిస్తా.

నయీంనగర్ నాన్న · సాయంత్రం 5:10

లెక్కల సార్, ఆ పిల్ల సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అమ్మాయికి వచ్చిన 20లు ఇంకెవరి సీటు తీసుకున్నాయో అనిపించింది. అందుకే మార్కులు మొత్తంలో కలపొద్దని నేనిప్పుడు ఇంకా గట్టిగా అంటున్నాను.

బాసర తమ్ముడూ, బయటి మనిషి వస్తే సరిపోతుందని నేను నమ్మను. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో 30కి 30 రానివాళ్లు మా చుట్టాల్లో ఎవరూ లేరు. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. ఆ థర్మోకోల్ బొమ్మ గురించి మా అమ్మాయిని ఏ టీచరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడుగుతారని తెలిస్తే నేను కత్తెర పట్టేవాణ్ణి కాదు.

హన్మకొండ కామర్స్ మేడం · రాత్రి 8:45

లెక్కల సార్, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. అబద్ధం వేసే బడి పక్కన నిజం వేసే బడి ఉన్నంతకాలం నిజం చెప్పిన టీచరు పిల్లలే నష్టపోతారు. ఇప్పుడున్నట్టే ఉంచాలని నేనిక అనను. కానీ బీరువా తాళం మాట కూడా నిజమే కదా. సీట్లకి లెక్కపెట్టకుండా, పాసు కావడానికి మాత్రం తప్పనిసరి చేస్తే? మొత్తంలో కలవదు, చేయకపోతే పాసు కారు.

ఒక్క పని మాత్రం ఉత్తర్వుల కోసం ఆగకుండా చేయొచ్చు. మా డిపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉన్నాం. మీ పిల్లలు ప్రాజెక్టు చెప్తుంటే వచ్చి కూర్చుని ప్రశ్నలు అడుగుతాం. మార్కులు మీరే వేసుకోండి, మేం వింటాం.

జడ్పీ లెక్కల సార్, నర్సంపేట వైపు · రాత్రి 9:30

పాసుకి ముడిపెడితే అందరినీ పాసు చేస్తారు మేడం, కాగితాలు ఇంకా పెరుగుతాయి. దాని మీద మళ్లీ మాట్లాడుకుందాం.

రావడం మాత్రం తప్పక రండి, హెడ్మాస్టర్‌తో నేను మాట్లాడతాను. వచ్చే శనివారం మధ్యాహ్నం, తొమ్మిదో తరగతి, 34 మంది. ఊళ్లో బోర్లు ఎంత లోతున పడ్డాయో, ఏ ఏడాది ఎండిపోయాయో ఇంటింటికీ తిరిగి రాసుకొస్తున్నారు. ప్రశ్నలు తెలుగులోనే అడగండి. వెనక బెంచీలో ఒక పిల్ల ఉంటుంది, చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది. దాని వంతు వచ్చినప్పుడు కాస్త ఆగండి. ఫిట్టర్ సార్, వీలైతే మీరు కూడా రండి, ఒక టేపు వెంట తెచ్చుకోండి.