బుడ్డలు (వేరుశనగ) వేరా, కాయనా? చీనీకాయ (బత్తాయి) ఏ రకం పండు?

కళ్యాణదుర్గం అమ్మ:
మా పాప ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. ఫలాల పాఠం చదువుతా అడిగింది, అమ్మా బుడ్డలు భూమిలో కాస్తాయి కదా అవి వేరా కాయనా అని. చిన్నప్పట్నుంచి బుడ్డల చేన్లోనే తిరిగినా గానీ గట్టిగా చెప్పలేకపోతి. ఇంకోటి, మామిడి టెంక ఫలం అంట, టమోటా బెర్రీ అంట, మరి చీనీకాయ యాడికి పోతుంది? ఎంత బట్టీ పట్టినా మర్చిపోతాంది, అర్థమయ్యేట్లు ఎవరన్నా చెప్పండి.

ఆదోని తమ్ముడు:
అవి వేర్లే కదక్కా, ఉర్లగడ్డ (ఆలుగడ్డ) లెక్క. చెట్టు పెరికితే వేర్లకే వేలాడ్తాంటాయి కదా.

కర్నూలు బాటనీ లెక్చరర్:
వేర్లకు కాదు తమ్ముడూ. ఈసారి పెరికినప్పుడు కాయ తొడిమ పట్టుకొని పైకి పోతా చూడు, పువ్వు పూసిన చోటికే చేరుతుంది. ఉర్లగడ్డ కూడా వేరు కాదు, కాండం.

అమ్మా, పొద్దున్నే పూసిన పసుపు పువ్వు మధ్యాహ్నానికి వాడిపోతుంది, తర్వాత అండాశయం (పువ్వులో కాయగా మారే భాగం) కింద ఊడ సాగి భూమిలోకి దిగి ఆ చీకట్లోనే అండాశయం ఊరి కాయవుతుంది, కాబట్టి బుడ్డ అసలైన ఫలమే. పైన పొట్టు అండాశయం గోడ, అదే ఫలకవచం. లోపల ఎర్ర పొర విత్తనం తోలు, రెండు బద్దలు బీజదళాలు. పెసర కుటుంబమే, కాకపోతే పెసరకాయ ఎండితే దానంతటదే పగులుతుంది, బుడ్డ మనం ఒలవాల్సిందే.

చీనీకాయ బెర్రీలోనే ఒక రకం, హెస్పరీడియం అంటారు. తొక్క గిల్లితే కంట్లోకి చిమ్మేది బాహ్య కవచంలోని నూనె, దాని కింద తెల్ల బెండు మధ్య కవచం, తొన చుట్టూ పల్చటి పొర లోపలి కవచం, మనం తినే రసం ముత్యాలేమో ఆ పొర నుంచి లోపలికి మొలిచిన వెంట్రుకలు! నాకు ఈ పాఠంలో బాగా ఇష్టమైంది ఇదే. మామిడిలో మధ్య కవచం తింటాం, లోపలిది గట్టిపడి టెంక అయింది. టమోటాలో ఏదీ గట్టిపడలే, అందుకే బెర్రీ. పాపను పండు కాదు, పువ్వులో అండాశయం ఏమయిందో చూడమను. సీతాఫలం తొక్క మీద ఒక్కో కన్ను ఒక్కో అండాశయం, అన్నీ ఒకే పువ్వులోవి, అది సంకలిత ఫలం. పనసకాయ పూలగుత్తి మొత్తం కల్సి అయింది, సంయుక్త ఫలం.

రాప్తాడు రైతు:
సార్ చెప్పింది నిజం. ఊడలు దిగినాక మేము గుంటక తోలం, ఊడ తెగితే కాయ లేనట్లే. పూత టైంలో ఎకరాకు 200 కేజీల జిప్సం ఏసేది కూడా ఇందుకే, కాయకు కావాల్సిన కాల్షియం భూమిలో ఉన్న కాయే నేరుగా పీల్చుకుంటుంది, తగ్గితే తాలుకాయలు పడతాయి.

కళ్యాణదుర్గం అమ్మ:
చానా థ్యాంక్స్ సార్, రేపు పాపను చేన్లోకి తోడ్కొనిపోయి ఊడలు చూపిస్తా. మరి అరటిపండులో విత్తనమే ఉండదు కదా, అదెట్ల ఫలం అంటాంది?

కర్నూలు బాటనీ లెక్చరర్:
మంచి ప్రశ్న అడిగింది పాప. అది కూడా బెర్రీనే, ఫలదీకరణ లేకుండానే అండాశయం ఊరుతుంది, అనిషేక ఫలం అని రాయమనండి. పండును అడ్డంగా కోసి చూపించండి, మధ్యలో సన్న నల్ల చుక్కలుంటాయి, విత్తనాలు కావాల్సినవి అవే.