ఖైదీల పంచాయతీ: సెంట్రల్ జైళ్లలో పెట్టొచ్చా?

గట్టుమీద కాకి: జైపూర్ పక్కన సాంగానేర్‌లో 1963 నుంచీ ఓపెన్ జైలు నడుస్తోంది. యావజ్జీవం పడినవాళ్లు కూడా అక్కడ భార్యాపిల్లలతో కాపురం ఉంటారు, పొద్దున్నే బయటికి పనికెళ్లి సాయంత్రం హాజరుకి వచ్చేస్తారు. హాజరు చూసేది, తగాదాలు తీర్చేది ఖైదీల ‘బందీ పంచాయతీ’. 1993-95లో కిరణ్ బేడీ జైళ్ల ఐజీగా ఉన్నప్పుడు ఢిల్లీ తిహార్ జైల్లోనూ మెస్‌కీ చదువుకీ పంచాయతీలు పెట్టారు. అన్ని సెంట్రల్ జైళ్లలోనూ ఎందుకు పెట్టకూడదు?

ప్లీడరు గుమస్తా: సాంగానేర్‌ని చూపించి సెంట్రల్ జైలు గురించి మాట్లాడితే ఎలాగండీ? అక్కడికి పంపేది కొంత శిక్ష అనుభవించి, మంచి నడవడిక ఉన్నవాళ్లనే. తేడా వస్తే మళ్లీ గోడల మధ్యకే. ఇల్లూ కూలీ పోతాయన్న భయం ఉంటుంది. మామూలు జైళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా విచారణ ఖైదీలే, బెయిలొస్తే రేపే వెళ్లిపోతారు. ఎన్నిక పెడితే గెలిచేది బయట మనుషులున్న రౌడీషీటరే.

ఇందూరు అమ్మాయి: ఎన్నిక పెట్టకపోతే రౌడీ ఊరుకుంటాడా గుమస్తా గారూ? బ్రెజిల్ చూడండి. 1992లో సావోపాలోలోని కరందీరు జైల్లో గొడవ అణచడానికి వెళ్లిన పోలీసులు 111 మంది ఖైదీలను చంపారు. మరుసటి ఏడాదే టౌబాటే జైల్లో పీసీసీ అనే ఖైదీల ముఠా పుట్టింది. తమ పట్టున్న జైళ్లలో క్రాక్ అనే మత్తుమందుని నిషేధించింది, అనుమతి లేకుండా చంపకూడదంది. లోపల హత్యలు తగ్గాయి, నిజమే. కానీ 2006 మేలో ఆ ముఠా పిలుపిస్తే 70కి పైగా జైళ్లు ఒకేసారి తిరగబడ్డాయి. సర్కారు వదిలేసిన చోట ఎవరో ఒకరు పెత్తనానికి వస్తారు.

ప్లీడరు గుమస్తా: అంటే ముఠా రాకముందే మనమే పెత్తనం చేతికిద్దామంటారా?

పాత ఫైలు: ఇచ్చేసి నూరేళ్లు దాటింది సార్. 1894 జైళ్ల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, జైలు అధికారులుగా నియమించిన ఖైదీలు పబ్లిక్ సర్వెంట్ల కిందే లెక్క. కన్విక్ట్ వార్డర్లు (తోటి ఖైదీల మీద కాపలా పెట్టిన ఖైదీలు), రాత్రి కాపలా ఖైదీలు ఆ దారినే వచ్చారు. ఎన్నిక లేదు, సూపరింటెండెంట్ ఎవరిని మెచ్చితే వాళ్లే. పశ్చిమ బెంగాల్ జైలు నియమావళిలోనైతే, పారిపోయే స్వభావం ఉందంటూ సంచార తెగల వాళ్లకి రాత్రి కాపలా ఇవ్వకూడదని రాశారు! ఇలాంటి కుల నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. అంతవరకూ అవి పుస్తకాల్లో ఉన్నాయంటే చూడండి. నా గొడవల్లా నియామకం మీదే. ఖైదీలకి పని అప్పజెప్పండి, కానీ వాళ్లని ఎన్నుకునేదీ దించేదీ తోటి ఖైదీలై ఉండాలి. శిక్ష వేసే అధికారం మాత్రం అస్సలు వద్దు.

గట్టుమీద కాకి: అయితే మెస్ పంచాయతీతో మొదలుపెట్టొచ్చు. సరుకు తూకం, వంట, వడ్డన.

ప్లీడరు గుమస్తా: మెస్ అంటే చిన్న విషయం అనుకుంటున్నారు. లోపల గరిటె ఎవడి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం. నెలకోసారి మనుషుల్ని మారుస్తామంటే సరే, లేదంటే నేను ఒప్పుకోను.