ఆదివారం సన్మానం: బడి ఆవరణ ఇవ్వలేమన్నారు, చోటు తేల్చాలి

విశాఖ సమన్వయకర్త, సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సింగపూర్‌లో మన సంఘం ఉగాది సభ జరుగుతుండగానే ఇక్కడి బడి ఆవరణలో, ఉపకార వేతనం గెలుచుకున్న ఏడుగురు పిల్లలకు సన్మానం చేసి, దాన్ని అక్కడి తెర మీద చూపించాలని అనుకున్నాం. ఈ రోజు ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిపించి, బడి పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు కేంద్రమైనందువల్ల, ఆదివారం పరీక్ష లేకపోయినా గదుల్లో బల్లలకు హాల్‌టికెట్ నంబర్లు అతికించి ఉన్నందువల్ల, పరీక్షలు ముగిసేదాకా బయటివారిని లోపలికి రానివ్వడం కుదరదని మర్యాదగానే చెప్పారు. ఆయన స్థానంలో నేనున్నా అదే మాట చెప్పేవాణ్ణి. శాలువాలు, జ్ఞాపికలు, బ్యానరు, కుర్చీలు, ఫలహారాలు, స్వాగత నృత్యం అంటూ గత వారం నేను పెట్టిన పనుల పట్టికలో ఎవరి పని వారికి తెలుసు. కానీ ముందు చోటు తేలాలి.

కార్యదర్శి, సింగపూర్, సోమవారం రాత్రి

పరీక్షలు ప్రతి ఏడాదీ ఈ రోజుల్లోనే వస్తాయి కదా, ఈ సంగతి ఆరు రోజుల ముందు తెలియడమేమిటి? ఆహ్వానపత్రికలో బడి ఆవరణ అని అచ్చయిపోయింది. ఇక్కడ సన్మానానికి సాయంత్రం ఐదున్నర నుంచి అరగంట కేటాయించాం, అంటే మీకు మధ్యాహ్నం మూడు గంటల నుంచి. ఆ సమయాన్ని మార్చలేం. సిరిపురంలో చిల్డ్రన్స్ ఎరీనా గానీ గురజాడ కళాక్షేత్రం గానీ అడిగి చూడండి. లేదంటే ఏదైనా హోటల్లో హాలు తీసుకోండి.

కోశాధికారి, సింగపూర్, మంగళవారం

ఏడుగురు పిల్లల కోసం, అదీ అరగంట కోసం, అంత పెద్ద ప్రాంగణం తీసుకోవడానికి నేను ఒప్పుకోలేను. నిన్న మన వాళ్లొకరు విచారించిన హోటల్ హాలుకు ముప్పై వేల రూపాయలు అడిగారు. ఈ పిల్లలు గెలుచుకున్న ఉపకార వేతనం ఏడాదికి 12,000 రూపాయలు. ఇద్దరు పిల్లలకు ఏడాది పొడవునా వచ్చే దానికన్నా ఎక్కువ సొమ్మును వాళ్ల పేరు చెప్పి ఒక్క పూట అద్దెకు పోస్తే, చందా ఇచ్చిన వారికి నేనేమని లెక్క చెప్పను?

విశాఖ సమన్వయకర్త, మంగళవారం

కార్యదర్శిగారికి ఒక మాట చెప్పక తప్పదు. సభ తేదీని సింగపూర్ హాలు దొరికే రోజును బట్టి నిర్ణయించారు తప్ప, ఇక్కడ బడికి వీలవుతుందా అని నన్నెవరూ అడగలేదు. జనవరిలో నేను ఏప్రిల్ అయితే మేలన్నాను, ఉగాది దాటిపోతే సందడి ఉండదన్నారు. ఇప్పుడు తప్పు నాదే అన్నట్లు రాస్తే మనసు కష్టపడుతుంది. ఈ బాధ్యతను వేరెవరైనా తీసుకుంటామంటే సంతోషంగా అప్పగిస్తాను.

విశ్రాంత గణిత ఉపాధ్యాయులు, ఎంవీపీ కాలనీ, మంగళవారం రాత్రి

నాయనలారా, కాస్త శాంతించండి. హాలు సంగతి పక్కనపెట్టి, మనం ఎవరిని సన్మానిస్తున్నామో ఒకసారి తలచుకుందాం. పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే ఈ ఉపకార వేతనం కోసం ఎనిమిదో తరగతిలో రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ పరీక్షలో మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు, చదువుకున్న పాఠాలకు మరో 90 ప్రశ్నలు ఉంటాయి. తరగతి పాఠంలో ఎక్కడా కనిపించని సంఖ్యల వరుసలు, దర్పణ ప్రతిబింబాలు, సంకేత భాష వంటివి మొదటి భాగంలో వస్తాయి కాబట్టి మొదట్లో మన పిల్లలు అక్కడే తడబడ్డారు. సాయంత్రం బడి విడిచిపెట్టాక వరండాలో కూర్చొని నెలల తరబడి సాధన చేశారు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు నాలుగేళ్లకు కలిపి ఒక్కొక్కరికి 48,000 రూపాయలు వస్తాయి. పదో తరగతితో చదువు మానేసే పిల్లలను నిలబెట్టే సొమ్ము ఇది.

వీరిలో ఒక అమ్మాయి, బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం చేయూతనిచ్చే ఇన్‌స్పైర్ మానక్‌కు కూడా ఎంపికై, నమూనా తయారీకి ఇచ్చే 10,000 రూపాయలతో చేపలు ఎండబెట్టే వెదురు మంచె చేసింది. నెత్తళ్లను ఇసుక మీద పరిస్తే ఇసుక అంటుకుంటుంది, కుక్కలు ఎత్తుకుపోతాయి. వలపరిచిన మంచె మీద పోస్తే కింది నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఎండుతాయి. రోజూ అమ్మ పడే పాటు చూసిన పిల్లకు తప్ప ఈ ఆలోచన మరెవరికి వస్తుంది?

ఇంకొక సంగతి. పోయిన ఏడాది బడిలో జరిపిన సన్మానానికి పిల్లల తల్లిదండ్రుల్లో ఇద్దరే వచ్చారు. ఈ తల్లులు బజారులో చేపలు అమ్ముతారు, ఆదివారం అమ్మకం ఎక్కువగా ఉండే రోజు. బజారు ముగించుకొని, స్నానం చేసి, చీర మార్చుకొని బడికి చేరేసరికి సభ అయిపోయేది.

కార్యదర్శి, సింగపూర్, బుధవారం

మాస్టారూ, నమస్కారం. సమన్వయం చూస్తున్న అన్నయ్యగారిని నొప్పించినందుకు క్షమాపణ కోరుతున్నాను. అన్నయ్యా, మీరు జనవరిలో చెప్పిన మాట నాకు గుర్తుంది, నేనే పట్టించుకోలేదు. అచ్చయిన ఆహ్వానపత్రిక గురించి ఆలోచించకండి, సభలో నేనే మైకులో సర్ది చెబుతాను.

పూర్వ విద్యార్థి, పెదజాలారిపేట, బుధవారం

మాస్టారి మాట చదివాక నాకొకటి తోచింది. ఏడుగురిలో ఐదుగురు మా పేట పిల్లలే. వచ్చే వారం శ్రీరామనవమి కాబట్టి రామాలయం ముందు వీధిలో పందిరి ఇప్పటికే వేశారు. మన సభ అక్కడే పెట్టుకుంటే మూడు గంటలకు తల్లులందరూ ఇళ్లలోనే ఉంటారు. పేట పెద్దలను అడిగాను, ఆదివారం మూడు నుంచి ఐదు వరకు వాడుకోమన్నారు, అద్దె వద్దన్నారు. మిగిలిన ఇద్దరిలో ఒక బాబు క్రైస్తవ కుటుంబం వాడు కాబట్టి, గుడి మెట్ల వైపు కాకుండా వీధి వైపు సగంలో కూర్చుందాం. వాళ్ల నాన్నగారిని కూడా అడిగాను, సంతోషంగా వస్తామన్నారు.

కోశాధికారి, సింగపూర్, గురువారం

పండగ పూట మంచి మాట విన్నాం. శాలువాలకు ఉంచిన సొమ్ముతో పిల్లలకు రేఖాగణితం పెట్టెలు, తొమ్మిదో తరగతి అభ్యాస పుస్తకాలు కొనమని నా మనవి. మార్చి ఎండలో శాలువా ఏం కప్పుతాం?

విశ్రాంత గణిత ఉపాధ్యాయులు, శుక్రవారం

ప్రతి పిల్లవాడి ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం తెమ్మనండి. ఆధార్‌లో ఒక రకంగా, బడి రికార్డులో మరో రకంగా పేరుంటే తరువాత ఉపకార వేతనాల పోర్టల్‌లో దరఖాస్తు చేసేటప్పుడు చిక్కులొస్తాయి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతోనే సొమ్ము ఆగిపోయిన పిల్లలను నేను చూశాను. సభ అయ్యాక అక్కడే ఒక బల్ల వేసుకొని కూర్చుంటాను. తేడాలుంటే సోమవారమే సరిచేయించే పని మొదలుపెడదాం.

విశాఖ సమన్వయకర్త, శనివారం రాత్రి

ఈ సాయంత్రం పందిరి నుంచి సింగపూర్‌కు కలిపి చూశాం. బొమ్మ బాగానే వచ్చింది గానీ, సముద్రపు గాలికి మాట వినిపించలేదు. మైకుకు మెత్తటి గుడ్డ చుట్టాక నయమైంది. బ్యానరు రెండుసార్లు ఎగిరిపోయింది కాబట్టి, ఆ అమ్మాయి చేసిన మంచెనే వెనుక నిలబెడుతున్నాం. కుర్చీలు చాలవు, పేట నుంచి చాపలు ఇస్తామన్నారు. ముఖాలు తెర మీద కనిపించడానికి ఏడు కుటుంబాలూ సంతకం చేసి ఇచ్చాయి.

కార్యదర్శిగారూ, ఒక చిన్న మార్పు. పిలిచేటప్పుడు పిల్లల పేరుతో పాటు తల్లి పేరు కూడా చదవండి, ఇద్దరూ కలిసి వస్తారు. మంచె చేసిన అమ్మాయిని చివర పిలవండి. వాళ్ల అమ్మ బజారు నుంచి మూడింటికి చేరలేకపోవచ్చు, మూడుంపావుకు తప్పకుండా ఉంటానని చెప్పింది.