తాత మెడల్ మీద నంబరులో ఒక అంకె పోయింది, మిలిటరీ రికార్డు దొరుకుతుందా?

పొదిలి రోడ్డు:

మాది కనిగిరి దగ్గర పల్లె. మా తాత, అంటే నాయన వాళ్ళ నాన్న, రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ లారీ డ్రైవరు. సింగపూరులో జపాను వాళ్ళకి దొరికిపోయాడు. 1946లో ఇల్లు చేరాడు. ఈలోపు మనిషి పోయాడనుకుని కర్మ చేద్దామంటే మా ముత్తవ్వ ససేమిరా అన్నదట. తాత పోయేనాటికి నాకు పదేళ్ళు.

యుద్ధం గురించి ఆయన ఏమీ చెప్పేవాడు కాదు. నాకు గుర్తున్నవి రెండే. అన్నం వదిలేసి లేస్తే "రాబోల్లో ఉండుంటే తెలిసేది నీకు" అనేవాడు. ఒంగోలు లాగా ఉంది కదా, ఆ చుట్టుపక్కల ఊరేదో అనుకున్నా చాన్నాళ్ళు. రెండోది, ఇంట్లోకి గెనుసుగడ్డలు రానిచ్చేవాడు కాదు. ఒకసారి నాయన సంతలో కొనుక్కొస్తే బుట్టతో సహా దిబ్బలో పారబోశాడు.

పోయిన నెల పాత ఇల్లు పడగొడుతుంటే ట్రంకు పెట్టెలో మూడు మెడల్స్ దొరికాయి. రెండు నక్షత్రాల్లాగా ఉన్నాయి, నల్లగా చిలుం పట్టి. ఒకటి గుండ్రంగా తెల్లగా ఉంది. ఈ గుండ్రందానికి ఒక కథ ఉంది. కరువు ఏడాది మా నాయనమ్మ దాన్ని వెండి అనుకుని కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళిందట. ఆయన అంచు మీద ఆకురాయితో గీసి చూసి, వెండి కాదమ్మా అని తిరిగిచ్చేశాడు. ఆ అంచు మీదే నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. ఆకురాయి సరిగ్గా నంబరు మీద పడింది, ఒక అంకె పూర్తిగా అరిగిపోయింది.

మా చిన్నాయనేమో తాత సుభాష్ చంద్రబోసు సైన్యంలో చేశాడంటాడు. ఆ పెన్షన్ రావాల్సిందని ఇప్పటికీ గొణుగుతుంటాడు. ఒక ఆఫీసులో అడిగితే సర్వీసు నంబరు లేకుండా ఏమీ చెప్పలేమని పంపించేశారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్ హవల్దార్, గిద్దలూరు:

అమ్మా, ముందు ఆ నక్షత్రాలని చింతపండు పెట్టి తోమొద్దు. పీతాంబరి అసలే వద్దు. ఇంగ్లండు వాళ్ళు తమ సైనికులకు ఆ యుద్ధం మెడల్స్ పేరు లేకుండా ఇచ్చారు గానీ, మన దేశంలో ఇచ్చిన వాటి మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఇచ్చారు. గుండ్రందానికి అంచు మీద ఉంటాయి, నక్షత్రాలకి వెనకవైపు ఉంటాయి. తిప్పి చూడు. చీకటి గదిలో ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫోటో తియ్యి. నేరుగా వేస్తే ఏమీ కనపడదు.

లారీ డ్రైవరు అంటున్నావు కాబట్టి యూనిట్ చోట ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అని ఉండొచ్చు. సైన్యానికి సరుకులు, లారీలు చూసే విభాగం అది, ఇప్పటి మా ఏ.ఎస్.సి. (ఆర్మీ సర్వీస్ కోర్)నే అప్పట్లో అలా అనేవాళ్ళు. అదే అయితే బెంగళూరులో ఏ.ఎస్.సి. రికార్డ్స్ (సౌత్) కి రాయాలి. పెన్షన్ రాని వాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళు దాటాక తీసేస్తారు, కాబట్టి పెద్ద ఫైలు ఉంటుందని ఆశ పెట్టుకోకు. కానీ లాంగ్ రోల్ అని ఒక రిజిస్టరు ఉంటుంది, దాన్ని పారెయ్యరు. అందులో ఒక్క వరసే ఉంటుంది: ఊరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ. "లాంగ్ రోల్ ఎంట్రీ ఇవ్వండి" అని ఆ మాటే వాడి అడుగు. డెత్ సర్టిఫికెట్, నువ్వు మనవరాలివని చూపించే కాగితం జత చెయ్యి. ఒంగోలులో జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ఉంది, వాళ్ళ చేత ఒక ఫార్వర్డింగ్ లెటర్ పెట్టిస్తే పని తొందరగా కదులుతుంది.

ఇంకో మాట. ఆయన ఊరిని "ప్రకాశం జిల్లా" అని రాయొద్దు. ఆయన చేరినప్పుడు కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు గదా ఇటు వచ్చింది. వాళ్ళ పుస్తకంలో నెల్లూరు అనే ఉంటుంది. ఇంటిపేరు మీద కూడా ఆశ పెట్టుకోకు. ఆ రోజుల్లో రైటరుకి ఏం వినపడితే అదే పేరు, చాలామందికి ఇంటిపేరే రాయలేదు.

కావలి మాస్టారు:

"రాబోలు" అని చదవగానే లేచి కూర్చున్నాను. అది రబౌల్ అమ్మా. న్యూగినీ పక్కన న్యూ బ్రిటన్ అనే దీవిలో రేవు పట్నం. 1942 జనవరిలో జపాను దాన్ని పట్టుకుని పెద్ద స్థావరం చేసుకుంది. ఆ ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. అక్కడ దొరికిన మనవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో ఐ.ఎన్.ఏ.లో, అంటే ఆజాద్ హింద్ ఫౌజ్‌లో, చేరని చాలామందిని ఓడల్లో కుక్కి ఈ దీవులకు పంపి కూలి పని చేయించారు. తర్వాత అమెరికా వాళ్ళు సముద్రం మీద దారులు మూసేశారు, బియ్యం రావడం ఆగిపోయింది. జపాను సైనికులే గెనుసుగడ్డలు, కర్రపెండలం పండించుకుని బతికారు. ఖైదీలకి ఏం మిగిలి ఉంటుందో ఊహించుకో. మీ తాత బుట్టని దిబ్బలో ఎందుకు పారబోశాడో నాకైతే అర్థమైంది.

1945 సెప్టెంబరు 6న రబౌల్ జపాను సేన గ్లోరీ అనే ఓడ మీద లొంగుబాటు సంతకం పెట్టింది. మనవాళ్ళని విడిపించింది ఆస్ట్రేలియా సైన్యం. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్లో అప్పటి ఫోటోలు ఉన్నాయి. రబౌల్, భారతీయ యుద్ధ ఖైదీలు అని ఇంగ్లీషులో కొట్టి ఓపిగ్గా చూడు.

మీ చిన్నాయన మాట కొట్టిపారెయ్యక్కర్లేదు. 1942లో మోహన్ సింగ్ పెట్టిన మొదటి ఐ.ఎన్.ఏ.లో చేరి, ఆ డిసెంబరులో అది చెదిరిపోయాక మళ్ళీ చేరనివాళ్ళు కూడా ఉన్నారు. బోసు సింగపూరు వచ్చింది 1943 జులైలో. తిరిగొచ్చిన ఐ.ఎన్.ఏ. వాళ్ళని బ్రిటిష్ వాళ్ళు తమ పట్ల విధేయతని బట్టి వైట్, గ్రే, బ్లాక్ అని విడదీసి, బ్లాక్ అన్నవాళ్ళని డిస్మిస్ చేశారు. కాబట్టి డిశ్చార్జి ఎలా అయిందో ఆ లాంగ్ రోల్లో ఉందేమో చూసుకో. మెడల్ ఉన్నంత మాత్రాన ఐ.ఎన్.ఏ.లో చేరలేదని తేల్చెయ్యొద్దు.

పాతకాగితాలు:

జెనీవాలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఆర్కైవ్స్ వాళ్ళు కూడా యుద్ధ ఖైదీల వివరాలు కుటుంబాలకి వెతికి ఇస్తారు. ఏడాదంతా తీసుకోరు, కొన్ని రోజులు తెరిచి కోటా నిండగానే మూసేస్తారు. నేను రెండుసార్లు మిస్సయ్యాను, మూడోసారి అలారం పెట్టుకుని కూర్చున్నా. జపాను చేతిలో ఉన్నవాళ్ళ గురించి వాళ్ళకి వచ్చిన సమాచారం తక్కువే, అది తెలిసే అడగండి. తాత తోటి వాళ్ళెవరైనా అక్కడే చనిపోయి ఉంటే మాత్రం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైట్లో పేరు, తండ్రి పేరు, ఒక్కోసారి ఊరు కూడా దొరుకుతాయి. రబౌల్ దగ్గర బిటాపాకలో శ్మశానం ఉంది. బతికి వచ్చినవాళ్ళు ఆ సైట్లో ఉండరు.

పొదిలి రోడ్డు:

హవల్దార్ బాబాయ్ చెప్పినట్టే టార్చి పక్క నుంచి వేశా. ఒక నక్షత్రం మీద పసిఫిక్ స్టార్ అని ఉంది. వెనక అక్షరాలు సన్నగా ఉన్నాయి గానీ చదవడానికి వచ్చాయి, ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అనే ఉంది. పేరు ఒక్క ముక్కే, ఇంటిపేరు లేదు. నంబరు కూడా పూర్తిగా ఉంది, కంసాలి గీసేసిన అంకె ఆరు. ఆ మాట చెబితే నాయన నవ్వాడు, ఆ కంసాలి మనవడు ఇప్పుడు కనిగిరిలో ఫోన్లు రిపేరు చేస్తున్నాడట.

మాస్టారూ, రబౌల్ ఫోటోలు నాయనకి చూపించా. ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాడు. తాత కనపడలేదు. అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట: తాతతో పాటు పొదిలి వైపు నుంచి ఇంకో డ్రైవరు వెళ్ళాడట, తిరిగి రాలేదు. ప్రతి సంక్రాంతికీ తాత ఆ ఇంటికి ఒక బస్తా సజ్జలు వేసొచ్చేవాడు. ఆయన పేరు నాయనకి సగమే గుర్తుంది. ఆ సగంతోనే ఇప్పుడు గ్రేవ్స్ సైట్లో నెల్లూరు అని కొట్టి వెతుకుతున్నా.

బెంగళూరుకి సోమవారం స్పీడ్ పోస్టు చేశాను.